జోళ్ల పెట్టెల ఇంజిన్

"మీ చట్రం పాసైందమ్మా," అని వాహనాల తనిఖీ ఆఫీసు గుమాస్తా ఫోన్లో అన్నప్పుడు ఆమె మెట్ల మీద ఉంది. ఒక చేతిలో ఉతికిన బట్టల బుట్ట, భుజానికీ చెవికీ మధ్య ఇరికించిన ఫోను. ఆ మాట వినగానే బుట్ట ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలియదు.

"ఏం పాసైందన్నారూ?" అని మళ్లీ అడిగింది. వినపడక కాదు, అంత మంచి మాటని ఒక్కసారే విని వదిలేయడానికి మనసొప్పక.

"చట్రమమ్మా. మీ ఆయన గీసిచ్చిన చట్రం. మొన్న మావాళ్లొచ్చి బరువు మోపి చూశారు, మెలితిప్పి చూశారు, బానే ఉందంట. ఇక ఇంజిన్ ఏది పెడుతున్నారో రేపు మధ్యాహ్నంలోగా వచ్చి రాసిచ్చిపోండి. ఒకసారి రాసిచ్చాక మార్చడం ఉండదు, ముందే చెప్తున్నా."

"ఎవరు రాయాలండీ?"

"బండి ఎవరి పేరు మీదుంటే వాళ్లు. ఇక్కడ మీ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఎవరో ఒకరు రండి, చాలు."

మీ ఇద్దరి పేర్లూ. పెళ్లి ఫోటోల ఆల్బం ఇంకా చేతికి రాలేదు గానీ ఇద్దరి పేర్లూ పక్కపక్కన కనిపించే చోట్లు అప్పుడే పెరిగిపోతున్నాయి, తలుపు పక్క బిళ్ల మీద, గ్యాసు కనెక్షన్ మీద, ఇప్పుడు ఈ బండి కాగితాల మీద. ఆమెకి ఇలాంటి చిల్లర సంతోషాలంటే ప్రాణం. ఒకే గ్లాసులో రెండు టూత్ బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉండటం చూసి పళ్లు తోముకోవడం మర్చిపోయిన రోజులున్నాయి. "మా ఆయన" అనే మాటని, కొత్త జోడు తొడుక్కుని ఇంట్లోనే నాలుగడుగులు వేసి చూసుకున్నట్టు, అవసరం ఉన్నా లేకపోయినా వాడేస్తుంది, బస్సు కండక్టరు దగ్గర కూడా, చిల్లర మా ఆయన దగ్గరుంది అని, ఆ ఆయన అప్పటికి ఊరికి ఆ చివర ఆఫీసులో ఉన్నా సరే. ఇప్పుడు ఆ ఆయన గీసిన చట్రం పాసైంది. బరువు మోపి చూశారట, మెలితిప్పి చూశారట, బానే ఉందట. మనిషి కూడా అంతే, ఎంత మెలితిప్పినా బానే ఉంటాడు, అదే ఒక్కోసారి ఒళ్లు మండిస్తుంది కూడా, అనుకుని పకాలున నవ్వి, మిగిలిన మెట్లు రెండేసి చొప్పున దూకి బండి ఉన్న షెడ్డులోకి వెళ్లింది.

షట్టరు సగం ఎత్తి ఉంది, సాయంత్రం ఎండ నేల మీద చాపలా పరుచుకుని ఉంది, దాని మధ్యలో బండి. బండి అనడానికి ఇంకా అది బండి కాదు, చక్రాల చోట చెక్క దిమ్మలు, రంగు లేని ఫైబర్ గ్లాస్ ఒళ్లు, ఆరబెట్టిన పాల మీగడ రంగు. ముక్కు మాత్రం బారెడు, మీద రెండు గుండ్రటి గుంటలు, దీపాలు రావాల్సినవి, వాటిని చూస్తే ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు ఉంటుంది. వాళ్ల నాన్నల పెళ్లిళ్లు కాకముందు కాలంలో ఎవరో పెద్దవాళ్లు చేసిన పందెపు బండికి ఇది నకలు. అసలువి లోకంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి, అద్దాల గదుల్లో తాళాలు వేసుకుని. ఆయన కాలేజీలో ఉన్నప్పుడు ఒక పాత పత్రికలోంచి దాని బొమ్మ కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు. పెళ్లిచూపులయ్యాక మొదటిసారి బయట కలిసినప్పుడు, ఏం మాట్లాడాలో తోచక పర్సు తీసి ఆ బొమ్మ చూపించాడు. ఎవరైనా అమ్మ ఫోటో చూపిస్తారు, ఈయనేంటి ఎర్ర కారు చూపిస్తాడు అనుకుంది, అనుకుంటూనే "దీన్ని మనమే చేసుకోవచ్చా?" అని అడిగేసింది. మనమే అన్న ముక్క నోరు జారి వచ్చింది, ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ ముక్కతోనే పెళ్లి కుదిరిపోయిందని ఆమె లెక్క, పెద్దవాళ్లు ఎన్ని చెప్పినా. బండి పైఒళ్లు, పడవలు చేసే ఒకాయన దగ్గర పోయించారు, చట్రం ఈయనే గీశాడు, పగలంతా వంతెనలు గీసి సాయంత్రాలు ఇది, అందుకే ఈ చట్రాన్ని చూస్తే మీంచి రైలు పోయినా తట్టుకునేలా ఉంటుంది. ఆయన ఎంత పొడుగంటే గుమ్మం దాటేటప్పుడు అలవాటుగా తల వంచుతాడు, గుమ్మం లేనిచోట కూడా. ఆమె ఆయన్ని నిచ్చెనా అంటుంది. ఆయన ఆమెని పొట్టీ అంటాడు. ఇంకెవరన్నా ఆ మాటంటే కళ్లు పీకుతుంది, ఆయనంటే మాత్రం ఎవరో చెవి వెనక ఊదినట్టుంటుంది.

ఆయనకి ఫోన్ చేసింది. వంతెనల ఆఫీసులో గట్టిగా మాట్లాడకూడదు కాబట్టి ఆయన గుసగుసగా అరిచాడు, అలా అరవడం ఆయనకే చేతనవును. "పొట్టీ! నిజంగా? ఒట్టు? ఉండుండు, అన్నయ్యకి చెప్పేసి మళ్లీ చేస్తా." మళ్లీ చేసింది ఆయన కాదు, వాళ్ల అన్నయ్య. ఊరి బయట లారీ సామాన్ల కొట్టు ఆయనది, లారీల పక్కన మాట్లాడీ మాట్లాడీ గొంతు ఆ స్థాయిలోనే ఆగిపోయింది. ఆమె ఫోను చెవికి జానెడు దూరంలో పెట్టుకుని వింది.

"అమ్మాయ్! విన్నాను, విన్నాను. ఇక చూస్కో. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, నేను మాట పుచ్చుకుని ఉంచాను కదా, రేపు పొద్దున్నే లారీలో పంపించేస్తున్నా. నువ్వేం హడావుడి పడకు, ఆఫీసు కాగితం కూడా మావాడికి నేనే చెప్పి రాయిస్తా. ఆ చప్పుడు వింటే వీధిలో కిటికీలన్నీ తెరుచుకోవాలి, ఏమంటావ్?"

"కిటికీలు తెరుచుకుంటే బానే ఉంటుంది బావగారూ, కానీ మేమింకా అనుకోలేదు, ఏ ఇంజిన్ అనేది..."

"అనుకోడానికి ఏముందమ్మా ఇందులో? నువ్వు ఓ స్కార్ఫ్ కొనుక్కో, పక్కన కూర్చుని జుట్టు ఎగరేసుకుంటూ తిరగడానికి. మిగతాది మేం చూసుకుంటాం."

మంచిమనిషే. పెళ్లిలో అందరికంటే ఎక్కువ పరుగెత్తింది ఆయనే, కుర్చీలు మోసింది ఆయనే, అప్పగింతలప్పుడు ఎవరూ చూడట్లేదనుకుని కళ్లు తుడుచుకుంది కూడా ఆయనే. చెడ్డవాళ్లయితే ఎంత సుఖం, ఒక్క మాటతో తెగ్గొట్టేయొచ్చు, ఈ మంచివాళ్లతోనే వచ్చింది చిక్కు. మేం చూసుకుంటాం. అందులో మేం అంటే ఎవరో. స్కార్ఫ్ ఏ రంగుదై ఉండాలో కూడా ఆ మేం చూసుకుంటారేమో. ఫోను పెట్టేసి, అది ఇంకా చేతిలో వెచ్చగా ఉండగానే, ఆమెకి ఒక విచిత్రమైన సంగతి తట్టింది. ఇన్నాళ్లుగా ఈ బండి చుట్టూ తిరిగింది, దాని ఒంటిని గరుకు కాగితంతో రుద్ది రుద్ది వేళ్ల ముద్రలు అరగదీసుకుంది, కానీ స్టీరింగు ముందు ఒక్కసారీ కూర్చోలేదు. పక్క సీట్లో కూర్చుంది, బోలెడుసార్లు, ఆయన నోటితో ఇంజిన్ చప్పుడు చేస్తూ ఉంటే తను హారను. ఇటువైపు మాత్రం ఎప్పుడూ ఆయనే. ఎందుకలా? ఎవరూ వద్దనలేదు. ఎవరూ రమ్మననూ లేదు.

కాలు ఎత్తి లోపలికి దిగింది. ముందు బానెట్ కింద అట్ట ఇంజిన్ ఉంది. ఇంజిన్ కొనేముందు అదే కొలతల్లో అట్టతో ఒక డమ్మీ చేసి అమర్చి చూసుకోవాలి, పట్టిందా, బానెట్ మూసుకుందా, గొట్టాలకి దారి ఉందా అని. బావగారి ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌కి కొలతలు తీసుకుని, పెళ్లికొచ్చిన బహుమతుల పెట్టెలన్నీ కోసి, టేపు చుట్టి చేశారిద్దరూ. ఒక పక్క కప్పులూ సాసర్ల బొమ్మ, ఇంకో పక్క గోడ గడియారం బొమ్మ, వెనక గేర్‌బాక్సు దుప్పట్ల పెట్టెది. ఆ గేర్‌బాక్సు మీద కప్పే చెక్క సొరంగం రెండు సీట్ల మధ్యకి చొచ్చుకొచ్చి, పెళ్లింట్లో సోఫాలో మధ్య కూర్చున్న లావుపాటి చుట్టంలా ఇద్దర్నీ చెరోవైపుకి నెట్టేసింది. దానివల్ల సీటు కింద పట్టాలకి చోటు చాలలేదు. సీటు ముందుకీ వెనక్కీ జరగాలంటే పట్టాలుండాలి. లేకపోతే లేకపోయె, నేలకే బిగించేద్దాం అన్నారు బావగారు. బిగించేశారు. ఆమె సీట్లోకి జారి, స్టీరింగు పట్టుకుని, ఎడమ కాలు క్లచ్ మీదకి చాపింది.

కాలికి ఏమీ తగల్లేదు.

ఇంకా చాపింది. నడుం సీటు అంచుకి వచ్చింది, గడ్డం స్టీరింగు కిందకి పోయింది, బొటనవేలి కొసకి క్లచ్ అంచు అంటీ అంటనట్టు తగిలింది, చలికాలం నీళ్లలో వేలు ముంచి చూసినట్టు. నొక్కడం సంగతి దేవుడెరుగు. వెనక దిండు పెట్టుకోవచ్చు, పెట్టుకుంటే స్టీరింగు డొక్కలో గుచ్చుకుంటుంది, పైగా అంత పెద్ద ఇంజిన్‌కి క్లచ్ బిగువుగా ఉంటుంది, దిండు మీద జారిపోతూ నొక్కితే నొక్కినట్టే. పోనీ పెడళ్లు దగ్గరికి జరిపిస్తే? అప్పుడు నిచ్చెన మోకాళ్లు చెవుల దాకా వస్తాయి, ఆయన నడపలేడు. అంటే ఇద్దరిలో ఒక్కరే. ఆ ఒక్కరెవరో ఎప్పుడో తేలిపోయింది, ఎవరూ ఒక్క మాటా అనకుండానే, పోట్లాట లేకుండానే, ఒక ఇంజిన్ వెడల్పుతో తేలిపోయింది. రేపు మధ్యాహ్నం ఆఫీసులో ఆ ఇంజిన్ పేరు రాసిచ్చేస్తే దానికి తగ్గట్టు ఇనుప పట్టీలు చట్రానికి అతికేస్తారు, ఇక ఆ తర్వాత ఈ బండి ఉన్నంతకాలం ఆమె చోటు అటుపక్క. స్కార్ఫ్ కొనుక్కోవాలి.

ముందు వచ్చింది కోపం కాదు, నవ్వు లాంటిది, చేదు నవ్వు, ఎందుకంటే ఆ కొలతలు తీసింది తనే. ఒక ఆదివారం, కిటికీలోంచి ఎండ, ఆయన సీట్లో కాళ్లు బార్లా చాపి రాజుగారిలా కూర్చున్నాడు, తను టేపు పట్టుకుని ఆయన తుంటి నుంచి మడమ దాకా కొలుస్తూ, ఊరికే కావాలని చక్కిలిగింతలు పెడుతూ, కొలత తప్పిపోయి మళ్లీ మొదలుపెడుతూ, ఆ మధ్యాహ్నమంతా ముద్దులకే సరిపోయింది. ఆ ముద్దుల్లో ఇద్దరికీ తట్టలేదు, ఇటు రా, నువ్వూ ఓసారి కూర్చో అని. ఫ్యాక్టరీలో ఎవరైనా ఇలా చేస్తే ఆమె ఊరుకుంటుందా? ఆమె పనే అది. జోళ్ల డిజైనులో డిగ్రీ, జోళ్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం, పొద్దస్తమానం చెక్క పాదాల మీద కాగితం చుట్టి నమూనాలు కత్తిరించడం. వాటిని అచ్చులంటారు, ఆమె బల్ల మీద వరుసగా ఉంటాయి, లావువి, సన్నవి, బొటనవేలు పక్కకి వాలినవి. ముందు పాదం, తర్వాతే జోడు. ఎంత అందమైన జోడు గీసినా అచ్చు మీద కూర్చోకపోతే చెత్తబుట్టలోకే. జోడు చాలట్లేదు, కాలు కొంచెం కోసుకోండి అని కొనేవాళ్లతో ఎవరంటారు? ఇక్కడ మాత్రం ఆ మాటే అనేశారు, ఎంత మర్యాదగా అన్నారంటే తనకి ఇప్పటిదాకా వినపడనే లేదు.

నాన్న బ్రెడ్డు వ్యాను కళ్లముందుకొచ్చింది. తెల్లారకముందే దుకాణాలకి బ్రెడ్డు వేసేవాడు నాన్న, వ్యానంతా వెచ్చటి పిండివాసన, అద్దాల మీద లోపలి వైపు ఆవిరి. కాలేజీ రోజుల్లో సెలవలకి వెళ్తే సగం దారిలో రోడ్డు పక్కన ఆపి, దిగి, తన వైపు తలుపు బార్లా తీసి ఉంచేవాడు. డ్రైవరు సీటు కింద మీట ఎత్తి ముందుకి తోసేవాడు, టక్కున శబ్దం వచ్చేది, పట్టాల మీద పన్ను పడిన శబ్దం, "ఊ, ఎక్కు" అని తను అటుపక్కకి వెళ్లి, బ్రెడ్డు పెట్టెలకి ఆనుకుని కునుకు తీసేవాడు. పక్కనున్నవాడు నిద్రపోయాడంటే అంతకంటే మెచ్చుకోలు ఏముంటుంది? ఇంటికొచ్చాక మళ్లీ మీట ఎత్తి వెనక్కి తోసుకునేవాడు, విసుక్కోకుండా, రోజూ, అదో పని అన్నట్టు కూడా కాకుండా. అంత పాత వ్యానుకి, తలుపులు తాడుతో కట్టుకునే వ్యానుకి ఉన్న ఆ టక్కు, ఈ పందెపు బండికి లేదు.

తోడికోడలు గుర్తొచ్చింది, బావగారి భార్య, అక్కా అని పిలుస్తుంది ఆమెని. కిందటిసారి వాళ్లింటికి భోజనానికి వెళ్తే వాకిట్లో కొత్త కారు, గదంత కారు. అక్క చేతిలో బావగారి నల్లకళ్లద్దాల డబ్బా, బావగారి టోలుగేటు చిల్లర, బావగారి నీళ్లసీసా. "మీరెప్పుడన్నా నడిపారా అక్కా?" అని అడిగింది ఊరికే. అక్క ఆ డబ్బా మూత తీసి మూసి, తీసి మూసి, "లైసెన్సు ఉందే చెల్లీ, పెళ్లికి ముందుది. అప్పట్లో బానే తోలేదాన్ని. తర్వాత్తర్వాత ఏమైందంటే, అన్నీ ఈయన సైజు బళ్లే," అని నవ్వింది. ఆ నవ్వుకి అప్పుడు తనూ నవ్వింది, ఇప్పుడు, ఈ సీటు అంచున, గాల్లో కాలు ఊపుకుంటూ, ఆ నవ్వు తిరిగొచ్చి మెడ వెనక పట్టుకుంది. ఈయన సైజు బళ్లే. అది ఫిర్యాదు కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. తనూ ఒకనాడు ఎవరో కొత్తకోడలికి అలా చెబుతుందా, నీళ్లసీసా పట్టుకుని?

చెప్పదు. చెప్పనే చెప్పదు. ఆమె సీట్లోంచి లేచి నిలబడింది, స్టీరింగు మీద చెయ్యేసి, షెడ్డులో ఎవరో సభ పెట్టినట్టు. ఎవరెవరు ఏమన్నారో అందరూ రండి ఇక్కడికి. పాత బళ్ల క్లబ్బులో ఒక మీసాలాయన, అసలు బండిలో ఆరు సిలిండర్లుండేవమ్మా, ఇంకేది పెట్టినా అబద్ధమే అవుతుంది అన్నాడు. అబద్ధమే కదండీ మరి, పడవలాయన పోసిన ఒళ్లు, వంతెనలాయన గీసిన ఎముకలు, ఇంత అబద్ధంలో ఇంజిన్ ఒక్కటీ నిజం చెప్పి ఎవరిని ఉద్ధరిస్తుంది? నకలు చేసేది పైన అందం కోసం, లోపల మాత్రం ఎవరికీ నకలుగా ఉండక్కర్లేదు, ఆ అసలు బండి చేసినవాళ్లకీ, బావగారికీ, ఎవరికీ. ఫ్యాక్టరీలో కుర్రకారు బ్యాటరీ మోటారు పెట్టండి మేడం అన్నారు, అది బానే ఉంటుంది, కానీ ఆ బ్యాటరీల బరువుకి చట్రం మళ్లీ మొదట్నుంచి గీయాలి, పాసైన చట్రాన్ని ఎవరు వదులుకుంటారు. బావగారిది చప్పుడు. వీధిలో కిటికీలు తెరుచుకోవాలి. తెరుచుకుని ఏం చూస్తారు, పక్క సీట్లో నన్నా? చూసేవాళ్లు చూడాల్సింది స్టీరింగు దగ్గర చూడాలి. ఈ బండి ఎంతో తేలిక, పైఒళ్లు ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెట్టగలరు, దానికి లారీని లాగే ఇంజిన్ ఎందుకు? ఒక చిన్న కారు ఇంజిన్, నాలుగు సిలిండర్లది, సన్నటిది, చురుకైనది, చాలదూ? చాలదని ఎవరన్నారు? ఎవరూ కొలిచి చూడలేదు, అంతే. కొలిచి చూడ్డం కూడా ఒక పనేనా అని ఎవరూ అనుకోలేదు. ఆమెకి వచ్చిన పనే అది.

పాత ఇంజిన్లు అమ్మే షెడ్డుకి ఫోన్ చేసింది. కిందటివారం ఇద్దరూ వెళ్లినప్పుడు ఒక మూల అలాంటిది కనపడింది, వెనకనుంచి గుద్దించుకున్న చిన్న కారుది, ముందు భాగానికి గీత కూడా పడలేదు. దాన్ని చూసి ఆమె ఆగింది, నిచ్చెన కూడా ఆగాడు, అంతలో బావగారు ఫోన్ చేశారు.

"ఆ చిన్న ఇంజిన్ ఉందాండీ? కిటికీ పక్కన, నీలం గుడ్డ కప్పి ఉంది."

"ఉందమ్మా. ఎవరడిగారు దాన్ని! మీకు పెద్దది కావాలని మీ బావగారు చెప్పారే?"

"బావగారు చెప్పారు, నేనడుగుతున్నా. గేర్‌బాక్సుతో కలిపి పొడుగెంత, వెడల్పెంత, కొంచెం టేపు పెట్టి చెప్తారా?"

"ఇప్పుడా? టీ తాగుతున్నా తల్లీ."

"తాగండి, తాగండి. లైన్లోనే ఉంటా."

టీ చప్పరించే చప్పుడు వింటూ ఆమె అరచేతి మీద పెన్ను పట్టుకుని కూర్చుంది. టేపు జరజరమన్న చప్పుడు, ఆయన మూలుగు, అంకెలు. అరచేతిలో రాసుకుంది. పెట్టెలు కావాలి. పెళ్లి పెట్టెలన్నీ ఆ ఎనిమిది సిలిండర్లే మింగేశాయి. మేడ మీదకి పరుగెత్తింది, మెట్ల మలుపులో బట్టల బుట్ట కాలికి తగిలింది, ఇక్కడున్నావా నువ్వు అని దాన్ని పలకరించి దాటింది. మంచం కింద ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న జోళ్ల పెట్టెలు, నమూనాలు దాచుకునేవి, ఒకదాని మీద ఒకటి. నమూనాలన్నీ పరుపు మీద కుమ్మరించి పెట్టెలు ఒళ్లో నింపుకుని గడ్డంతో అదిమిపట్టుకుని దిగింది. కత్తి ఆడితే ఆమె చెయ్యి ఆగదు. నాలుగు పెట్టెలు వరుసగా నాలుగు సిలిండర్లు, వాటి కింద బూట్ల పెట్టె, వెనకాల సన్నగా పిల్లల జోళ్ల పెట్టెలు గేర్‌బాక్సు, మూలలు మడిచి, టేపు చుట్టి, అంకె అంకె సరిచూసుకుని. గోడ గడియారాలూ కప్పుసాసర్లూ ఉన్న ఆ భారీ కాయాన్ని బానెట్ కిందనుంచి రెండు చేతులతో కౌగిలించుకుని బయటికి లాగింది, అది చట్రానికి పట్టుకుని రానంది, కాలు తన్నిపెట్టి లాగింది, టేపు పర్రున చిరిగి ఒక పక్క ఊడొచ్చింది, నేల మీద వెల్లకిలా పడింది. చట్రం ఊపిరి పీల్చుకున్నట్టు ఖాళీ. ఆ ఖాళీలో జోళ్ల పెట్టెల ఇంజిన్ని దింపింది. ఎంత చోటు మిగిలిందో! చెయ్యి పెడితే చెయ్యి తిరుగుతోంది. చెక్క సొరంగం పలకని లోపలికి జరిపితే అరజానెడు నేల బయటపడింది, దాచిపెట్టిన గది బయటపడ్డట్టు. మూలన ప్లాస్టిక్ సంచిలోనే ఉండిపోయిన సీటు పట్టాలు తీసింది, గ్రీజు వాసన. సీటు బోల్టులు విప్పడానికి స్పానరు మీద ఎక్కి నిలబడాల్సొచ్చింది, బిగించింది బావగారు కదా. విప్పింది. పట్టాలు పెట్టింది. సీటు ఎక్కించింది. కూర్చుంది. మీట ఎత్తి, నడుంతో ముందుకి తోసింది.

టక్.

పాదం మొత్తం క్లచ్ మీద ఉంది, మడమ నేల మీద, మోకాలు కొంచెం వంగి, స్టీరింగు చేతికి అందేంత దూరంలో. అంతే. ఏమీ కాలేదు, బండి కదల్లేదు, ఇంజిన్ లేదు, చక్రాలు లేవు, షట్టరు అవతల ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు, ఆమె కళ్లలో నీళ్లు మాత్రం గిర్రున తిరిగాయి. క్లచ్ నొక్కింది, వదిలింది, నొక్కింది. నోటితో ఇంజిన్ చప్పుడు చేసింది, కిటికీలు తెరిపించే చప్పుడు కాదు, సన్నగా, గుర్రుమంటూ, పిల్లి కూనలా, తర్వాత మలుపులో గేరు తగ్గించి ఇంకొంచెం గట్టిగా. ఇది చాలు. నాకు చాలు. ఇంక ఎవరొచ్చి ఏం చెప్పినా ఈ సీటు నుంచి లేచేది లేదు.

అలా ఉండగానే షట్టరు కింద నుంచి వంగి, పైకప్పు ఎక్కడో ఉన్నా తల వంచుకునే నిచ్చెన లోపలికి వచ్చాడు. నేల మీద పడి ఉన్న అట్ట ఇంజిన్ని చూశాడు, బానెట్ కిందకి చూశాడు, ఆమెని చూశాడు.

"పొట్టీ, ఏంటిది? మగవాళ్ల బూట్లు, తొమ్మిదో నంబరు అని రాసుంది మన ఇంజిన్ మీద."

"కాలు చూడు."

"ఏం కాలు?"

"నా కాలు ఎక్కడుందో చూడు. ఇందాక పెద్ద ఇంజిన్ ఉన్నప్పుడు ఇదిగో, ఇక్కడుంది." గాల్లో చూపించింది. "గాల్లో."

ఆయన వంగి చూశాడు. చూసి, సీటు నుంచి క్లచ్ దాకా జానతో కొలిచాడు. వంతెన గీతల్లో తప్పు దొరికినప్పుడు ఆయన అలాగే అయిపోతాడు, చెవులు ఎర్రబడతాయి. "మనం నిన్ను కూర్చోబెట్టనే లేదు కదూ," అన్నాడు చివరికి. "నేను గీశాను, గీసినవాణ్ని నేనే కూర్చున్నాను."

"కొలిచింది నేనే. నాకూ తట్టలేదు. ఇప్పుడు తట్టింది. దిగుతాను, నువ్వు కూర్చో, సీటు వెనక్కి జరుపుకో."

కూర్చున్నాడు. జరుపుకున్నాడు. మోకాళ్లకి చోటుంది. మీట ఎత్తి ముందుకీ వెనక్కీ జరిగాడు, ఇంకోసారి జరిగాడు, కొత్త ఆటబొమ్మ దొరికినట్టు. తర్వాత మొహం మీద ఒక మబ్బు. "అన్నయ్య రేపు లారీ పంపిస్తున్నాడే. ఏం చెప్తాం? మాట పుచ్చుకున్నాడు, చిన్నబుచ్చుకుంటాడు. పైగా వాడికి నామీద..."

"నువ్వేం చెప్పొద్దు. నేను చెప్తా. నువ్వు ఒక్క మాట చెప్పు, నాకు. ఇది నీకు ఇష్టమా కాదా? అన్నయ్య సంగతి కాదు, నీ సంగతి."

ఆయన స్టీరింగు మీద గడ్డం ఆనించాడు. "ఆ రోజు కిటికీ పక్కన దాన్ని చూసినప్పుడే ఇష్టం," అన్నాడు చిన్నగా. "నువ్వు నవ్వుతావేమోనని చెప్పలేదు. చిన్నదని."

"నేను చిన్నదాన్ని కానా?" అంది. ఇద్దరికీ నవ్వాగలేదు. ఆ నవ్వు ఇంకా పెదవుల మీద ఉండగానే ఆమె ఫోను తీసింది, అది ఆరిపోతే ధైర్యం కూడా ఆరిపోతుందేమోనని, లౌడ్ స్పీకరు పెట్టి బావగారికి చేసింది.

"బావగారూ, లారీ పంపించకండి. మేం నాలుగు సిలిండర్లది పెట్టుకుంటున్నాం."

బావగారు అప్పటికి ఇంటికి చేరినట్టున్నారు, వెనక గిన్నెల చప్పుడు. "నాలుగా? ఏంటమ్మాయ్, కుట్టుమిషన్ మోటారు పెడతారా ఆ బండికి? జనం నవ్విపోతారు!"

"కుట్టుమిషన్ని తేలిగ్గా తీసెయ్యకండి, మీ కాళ్లకున్న జోళ్లు దాని దయే. మీ ఇంజిన్ పెడితే సీటు జరగదు బావగారూ. సీటు జరక్కపోతే నా కాలు అందదు. నేను నడపాలి."

"మావాడు నడుపుతాడు కదమ్మా, నీకెందుకా శ్రమ? వాడేడీ, వాణ్నివ్వు."

ఆమె ఫోను చెయ్యి మార్చలేదు, ఆయన వైపు చూసింది అంతే. ఒక్క క్షణం. అంత పొడుగు మనిషి ఇప్పుడు ఎటు వాలతాడో. ఆయన ఫోను మీదకి వంగాడు. "ఇక్కడే ఉన్నా అన్నయ్యా. తను చెప్పిందే. ఇద్దరం నడుపుతాం. నువ్వు చిన్నబుచ్చుకున్నా సరే, పెద్దది వద్దు." చివరి మాటకి గొంతు వణికింది గానీ మాట వంగలేదు. బరువు మోపి చూశారు, బానే ఉంది.

"బాగుంది వరస! ఇద్దరూ ఒక్కటైపోయారన్నమాట," అన్నారు బావగారు, కోపమో, వెటకారమో, కొంచెం మెచ్చుకోలో. "మీ ఇష్టం. నా ఇంజిన్‌కి కొనేవాళ్లు లేకనా. మరి రేపు ఆ గ్రైండరు మోటారుని తెచ్చేదెవరు? నా లారీ రాదు, చెప్తున్నా."

"మీ లారీ ఏం వద్దు. నాన్న వ్యాను అడుగుతా, నేనే తోలుకెళ్తా."

అప్పుడు ఫోను అవతల, బావగారి గొంతు వెనకనుంచి, గిన్నెలు దించే చప్పుడు ఆగి, ఇంకో గొంతు వినపడింది, కొంచెం సందేహంగా, కొంచెం దగ్గరికి వస్తూ. "ఎన్నింటికి చెల్లీ?"

ఆమె సీటు మీద చెయ్యేసి నిలబడి, వీధి చివరిదాకా వినపడాలన్నట్టు చెప్పింది.

"ఎనిమిదింటికి, అక్కా. మీ లైసెన్సు వెతికి పెట్టుకోండి. రేపు వెళ్లేటప్పుడు నేను తోలతా, వచ్చేటప్పుడు ఇంజిన్ వెనకేసుకుని మీరు తోలండి. దారిలో ఆఫీసు దగ్గర ఆపితే, నేను దిగి ఆ ఇంజిన్ పేరు రాసిచ్చి వస్తాను."